అర్థం కాని మాట మీద సంతకం – మన కాగితాల చరిత్ర



మన సమాఖ్య వార్షిక నివేదికలో ప్రతి ఏడాదీ లెక్కలుంటాయి. ఎన్ని సంఘాలున్నాయి, ఎంత పొదుపు చేశాం, ఎంత అప్పు తెచ్చాం, ఎంత తీర్చాం అని పేజీలకు పేజీలు ఉంటాయి. ఈసారి లెక్కలతో పాటు ఒక చరిత్ర కూడా వేద్దామని కార్యవర్గంలో అనుకున్నాం. ఇది రాజుల చరిత్ర కాదు. మన చేత, మన అమ్మల చేత, అవ్వల చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించిన కాగితాల చరిత్ర. ఆ కాగితాల్లోని మాటల చరిత్ర.

ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మన ఆడవాళ్ల డబ్బు పోయిన చోట్ల వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు దొంగ ఎవరూ కనిపించడు. ఒక మాట కనిపిస్తుంది. ఎవరికీ అర్థం కాని మాట. అర్థం కాకపోయినా అందరూ తలూపిన మాట. దాని కింద పది మంది సంతకాలు ఉంటాయి.

మేము పదో తరగతి చదివి, పెళ్లయి ఈ ఊళ్లకు వచ్చి, సంఘం పుస్తకాలు రాస్తూ రాస్తూ లీడర్లమైన వాళ్లం. పండితులు రాసినట్టు రాయలేం. పెద్దవాళ్లు చెప్పింది, పుస్తకాల్లో చదివింది, సంఘాల్లో చూసింది కలిపి రాస్తున్నాం.

కచేరీ మాటలు, కరణం దస్త్రం

మనం రోజూ అనే మాటలు కొన్ని చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దరఖాస్తు, మంజూరు, హాజరు, జిల్లా, తహసీల్దారు. ఇవేవీ మొదట్లో తెలుగు మాటలు కావు. నవాబుల పాలనలో పారసీ, అరబ్బీ, ఉర్దూల నుంచి కచేరీల గుండా మన నోళ్లలోకి వచ్చాయి. అటు నిజాం రాజ్యంలో చాలా కాలం ఆఫీసు భాష పారసీ. 1880ల్లో దాని చోట ఉర్దూ వచ్చింది. ఇటు కోస్తాలో, సీమలో ఇంగ్లీషు వాళ్లు వచ్చాక పైన దొర ఇంగ్లీషు, కింద కరణం రాసే తెలుగు.

ఇప్పుడు ఆ మాటలు పరాయివని ఎవరైనా అంటారా? ఒక్క అక్షరం రాని ముసలమ్మ కూడా "నా బాకీ ఎంతుంది, రసీదు ఏది" అని నిలదీసి అడుగుతుంది. బస్సు, బ్యాంకు, చెక్కు, లోను కూడా అలాగే మనవైపోయాయి. కాబట్టి పరాయి భాష మాట అయినంత మాత్రాన తప్పు లేదు. పదిమంది నోట్లో నలిగితే ఏ మాటైనా మనదే. మాట ఒక్కరి చేతిలోనే ఉండిపోయి, మిగతా వాళ్లంతా ఆ ఒక్కరి ముఖం చూడాల్సి వచ్చినప్పుడే తప్పు మొదలవుతుంది.

మన అవ్వల కాలంలో ఆ ఒక్కరు ఊరి కరణం. భూమి లెక్కలన్నీ ఆయన దస్త్రంలో ఉండేవి. అడంగల్ అంటే ఏ సర్వే నెంబరులో ఎవరు ఏ పంట వేశారో రాసే లెక్క. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, జూలై 1న మొదలవుతుంది. మామూలు సంవత్సరం నుంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2024 జూలైలో మొదలైంది 1434 ఫసలీ. ఇంతే సంగతి. రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ చెప్పేవాళ్లు లేరు. ఆ గొలుసుకట్టు రాత చదువుకున్నవాళ్లకే సరిగ్గా అందదు, ఇక ఆడవాళ్లకు ఎక్కడ అందుతుంది? పొలం తన పేరున ఉందో, మరిది పేరున ఎక్కిందో విధవరాలికి కరణం చెబితేనే తెలిసేది.

రెండో కాగితం ప్రోనోటు. అచ్చు ఫారంలో అంతా పెద్ద పెద్ద మాటలే. మధ్యలో ఖాళీలు. అంకె వేసే చోట ఖాళీ ఉండగానే కింద నిశానీ పెట్టించుకున్న షావుకార్ల కథలు ప్రతి ఊళ్లోనూ చెప్పుకుంటారు. నిశానీ అంటే చదువు రాని మనిషి పెట్టే గుర్తు. పైన ఏముందో తెలియకుండానే కింద ఒప్పుకోవడం అక్కడి నుంచే అలవాటైంది.

1984లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కరణం, మునసబు పద్ధతిని తీసేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. దస్త్రం చేతులు మారింది. కానీ అది చదవాలంటే ఇంకొకరి దగ్గరికి పోవాల్సిన కష్టం మాత్రం అలాగే ఉండిపోయింది.

చట్టం తెలుగైంది, కాగితం కాలేదు

ప్రతి ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. అది గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు. 1863లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశారు. కొండల్లో ఉండే సవరల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయనే సవర భాష నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు తయారు చేశారు. తెలుగు పుస్తకాల్లో భాష కూడా జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని జీవితమంతా పోరాడారు. అప్పట్లో పండితులు ఆయన్ని గట్టిగా ఎదిరించారు. చివరికి పత్రికలు మారాయి, కథలు మారాయి, బడి పుస్తకాలు మారాయి. ఈరోజు మేము మాట్లాడే తీరులో ఈ నివేదిక రాయగలుగుతున్నామంటే అది ఆయన వంటి వాళ్ల పుణ్యమే.

ఆఫీసు మాత్రం అంత మారలేదు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. పాలన తెలుగులో సాగాలని అందులో ఉద్దేశం. దాన్ని చూసుకోవడానికి 1974లో అధికార భాషా సంఘం పెట్టారు. మంచి పనే. కానీ పైనుంచి ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరువును కిందివాళ్లు మాటకు మాట తెలుగు చేస్తే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. సంస్థాగత నిర్మాణం. సామర్థ్యాల పెంపు. భాగస్వామ్య విధానం. సుస్థిర జీవనోపాధులు. సాధికారత. అక్షరాలు తెలుగే, గొంతు దిగవు.

సాధికారత అనే మాట మన బ్యానర్ల మీద ఎన్నేళ్లుగా ఉందో చూడండి. ఒక గ్రామ సమాఖ్య మీటింగులో మేము దాని అర్థం అడిగాం. ఒకామె "చదువు" అంది. ఒకామె "లోను" అంది. వెనకనున్న పెద్దామె "అధికారి వచ్చి సంతకం పెట్టడమేమో" అంది. అందరం నవ్వాం. ఆ తర్వాత ఆమే ఇంకో మాట అంది, "ఇంట్లో గొడ్డును అమ్మాలన్నా కొనాలన్నా నన్ను అడిగి చేస్తే దాన్ని ఏమంటారు?" అని. దాన్నే సాధికారత అంటారు. అర్థం ఆమె దగ్గర ఉంది, మాట బ్యానరు మీద ఉంది. రెండూ ఎప్పుడూ కలుసుకోలేదు.

సీతమ్మ పాఠం

మనకు అర్థమయ్యే మాటలో రాస్తే ఏమవుతుందో కూడా మన చరిత్రలోనే ఉంది. 1990 దాటాక నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. ఆ వాచకాల్లో సీతమ్మ కథ, ఆడవాళ్లు ఏకమైతే వంటి పాఠాలు పెట్టారు. సారాతో ఇల్లు గుల్లయిన ఆడదాని కథ, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు మూయించిన కథ అవి. మాటలన్నీ రోజూ ఇంట్లో పలికేవే. సారా, కూలి, మొగుడు, దెబ్బలు, పిల్లల ఆకలి.

చదివినవాళ్లకు అది పాఠంలా అనిపించలేదు. ఇది మా ఊరి కథేనన్నారు. దూబగుంటలో ఆడవాళ్లు ఒక్కటై సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ గారి పేరు ఆ ఉద్యమంతోనే రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి అంటుకుంది. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం కూడా పెట్టారు. అది ఎక్కువ కాలం నిలవలేదు, అది వేరే సంగతి.

సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే ఏం చేయాలనే ఆలోచనతో నెల్లూరులోనే రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. దాని పేరు పొదుపు లక్ష్మి. ఆ పేరు ఎవరికైనా విప్పి చెప్పాల్సిన పని ఉందా? అక్షరం రాని ఆమెకు కూడా మొదటిసారి వినగానే అర్థమైంది. అందుకే ఊరూరా పాకింది.

పొడి అక్షరాల కాలం

మన సంఘాల మూలం ఇంకాస్త వెనక ఉంది. 1982లో కేంద్ర ప్రభుత్వం దేశంలో 50 జిల్లాల్లో డ్వాక్రా మొదలు పెట్టింది. పల్లెల్లో మహిళల, పిల్లల అభివృద్ధి అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే డ్వాక్రా. 15 నుంచి 20 మంది ఆడవాళ్లు ఒక గుంపుగా ఉంటే, వాళ్లకు రివాల్వింగ్ ఫండ్ ఇచ్చేవాళ్లు. అంటే ఒకరు వాడుకుని తిరిగి కడితే ఇంకొకరు వాడుకునే డబ్బు. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని పరీక్షించి చూసింది. 1999లో డ్వాక్రాను తీసేసి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన అని హిందీ పేరుతో ఇంకో పథకం పెట్టారు. 2000లో మన రాష్ట్రంలో ఆరు జిల్లాల్లో వెలుగు వచ్చింది, తర్వాత అన్ని జిల్లాలకూ వెళ్లింది. ఆపైన ఇందిరా క్రాంతి పథం. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలు పెట్టింది.

బోర్డులు ఇన్నిసార్లు మారాయి. మనం మాత్రం ఇప్పటికీ డ్వాక్రా అనే అంటాం, ఆఫీసును వెలుగు ఆఫీసు అనే అంటాం. ఆ స్వరోజ్‌గార్ యోజన పేరు మన ఊళ్లలో పూర్తిగా పలికినవాళ్లను మేము చూడలేదు. డ్వాక్రా పొడి అక్షరాల మాటే అయినా అప్పటికే పదిమంది నోట్లో నలిగింది. అందుకే నిలబడింది.

ఆ కాలంలోనే వచ్చిన ఇంకో మంచి మాట పంచసూత్రాలు. తప్పకుండా మీటింగు, తప్పకుండా పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో వాయిదా కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. అయిదు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పొచ్చు. ఏ సంఘంలో అడిగినా చెబుతారు. తెలిసిన మాట గనక తప్పితే నిలదీస్తారు కూడా. "మూడు వారాలుగా పుస్తకం ఎందుకు రాయలేదు?" అని లీడరును అడిగే ధైర్యం సభ్యులకు ఆ మాట ఇచ్చింది.

ఆ తర్వాత పొడి అక్షరాలు వానలా కురిశాయి. వీవో, వీవోఏ, ఎంఎస్, జెడ్‌ఎస్, సీఐఎఫ్, ఎంసీపీ, ఏపీఎం, డీపీఎం, ఓడీ, ఎన్‌పీఏ. ఒక మీటింగులో ఇలా చెప్పారు: "ఎంసీపీ అప్‌లోడ్ అయితేనే సీసీ ఎన్‌హాన్స్‌మెంట్‌కి వెళ్తుంది, ఓవర్‌డ్యూ రెగ్యులరైజ్ కాకపోతే ఎన్‌పీఏ అవుతుంది, అప్పుడు ఎలిజిబిలిటీ ఉండదు." అందరూ తలూపారు. చివర్లో ఒక సభ్యురాలు అడిగింది, "ఇంతకీ లోను వచ్చినట్టా, రానట్టా?"

సీసీ అనే ముక్కనే చూడండి. బ్యాంకులో సీసీ అంటే క్యాష్ క్రెడిట్ ఖాతా. వెలుగులో సీసీ అంటే మన మీటింగులకు వచ్చే కోఆర్డినేటరు. "సీసీ ఆగిపోయింది" అంటే ఒకరికి లోను ఆగినట్టు, ఇంకొకరికి మనిషి రానట్టు. మామూలుగా అయితే నవ్వుకునే సంగతే. కానీ ఎన్‌పీఏ దగ్గర నవ్వు రాదు. దాని అర్థం ఇంతే: కట్టాల్సిన వాయిదా 90 రోజులు దాటినా కట్టకపోతే బ్యాంకు ఆ అప్పును మొండిబాకీ కింద రాస్తుంది. అలా రాస్తే సంఘం మొత్తానికి కొత్త అప్పు కష్టమవుతుంది. "మూడు నెలలు దాటితే మొండిబాకీ" అని ముందే చెప్పిన సంఘంలో సభ్యులు పుస్తెలు కుదువ పెట్టయినా ఆ గడువు దాటనివ్వరు. "ఎన్‌పీఏ అవుతుంది" అని చెప్పిన సంఘంలో అదేదో బ్యాంకు వాళ్ల గొడవ అనుకుంటారు.

పావలా వడ్డీ, ఫ్లాటు వడ్డీ

2004లో మన రాష్ట్రంలో పావలా వడ్డీ వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ మన లెక్క తెలిసినవాళ్లు. ఊళ్లో వడ్డీ ఎప్పుడూ నూటికి నెలకు ఇంత అనే లెక్కేస్తాం. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రూపాయంటే 12 శాతం. పావలా అంటే 3 శాతం. "ఏడాదికి 3 శాతం" అని చెప్పి ఉంటే సగం మందికి అందేది కాదు. పావలా అనగానే అందరికీ అందింది. షావుకారు తీసుకునే రెండు మూడు రూపాయల పక్కన పెట్టి చూసుకున్నారు.

అందులో కూడా ఒక మాట దాక్కుని ఉంది. రీయింబర్స్‌మెంట్. అంటే ముందు బ్యాంకుకు పూర్తి వడ్డీ మనమే కట్టాల్సి వచ్చేది. వాయిదాలు సరిగ్గా కట్టిన సంఘానికి, పావలా దాటిన వడ్డీని ప్రభుత్వం తర్వాత వెనక్కి ఇచ్చేది. ఈ ఒక్క మాట విప్పి చెప్పని చోట సభ్యులకు, లీడర్లకు మధ్య తగవులు వచ్చాయి. "పావలా అన్నారు, రూపాయి ఎందుకు పట్టుకున్నారు, మిగతాది నువ్వే తిన్నావా" అని లీడర్ల మీద నింద పడింది. డబ్బు ఎక్కడికీ పోలేదు, మాట మాత్రం మనుషుల మధ్య చిచ్చు పెట్టింది.

అదే కాలంలో మైక్రో ఫైనాన్స్ కంపెనీలు ఇంటింటికీ వచ్చాయి. వాళ్లు చెప్పిన మాట ఫ్లాట్ రేటు. లెక్క వేసి చూద్దాం. 12,000 అప్పు, 12 నెలల వాయిదాలు, 12 శాతం వడ్డీ అనుకోండి.

ఫ్లాటు అయితే ఏడాది పొడుగునా 12,000 మీదే వడ్డీ. మొత్తం 1,440 రూపాయలు. కానీ మనం నెల నెలా వెయ్యి అసలు తీరుస్తూనే ఉన్నాం గదా. మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తే మొదటి నెల 120, రెండో నెల 110, మూడో నెల 100, అలా తగ్గుతూ చివరి నెల 10. కూడితే 780 రూపాయలు. రెండింటికీ 12 శాతం అనే పేరే. తేడా 660 రూపాయలు. తీర్చేసిన డబ్బు మీద కూడా వడ్డీ కట్టించుకోవడాన్నే ఫ్లాటు అన్నారు. ఆ ఒక్క మాటలో 660 రూపాయలు దాచారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అర్థం కాని మాట చెప్పారు, అంతే.

ఒకచోట తీసుకుని ఇంకోచోట కట్టి, వారం వారం వసూళ్లకు తట్టుకోలేక ఊళ్లు వదిలిపోయినవాళ్లు ఉన్నారు. ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు కూడా వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కంపెనీల మీద కట్టడి పెట్టింది, 2011లో అది చట్టమైంది. కంపెనీలు రిజిస్టరు చేసుకోవాలి, అసలుకు మించి వడ్డీ వసూలు చేయకూడదు అని అందులో రాశారు. అప్పటికే చాలా ఇళ్లలో నష్టం జరిగిపోయింది.

ఒక క్లెయిము కాగితం

ఇది మా సంఘంలో జరిగింది. ఒక సభ్యురాలు జబ్బు చేసి చనిపోయింది. ఆమె అప్పు మీద బీమా ఉంది. కూతురు కాగితాలన్నీ పెట్టింది. కొన్నాళ్లకు ఒక బీమా కంపెనీ నుంచి ఒకే ఒక్క వాక్యం ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది కేవైసీ నాన్ కంప్లయన్స్ అన్న మాట. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది, ఇంగ్లీషు చదవగలదు. అయినా ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. ఒక కౌంటరులో "పైన అడగండి" అన్నారు. ఇంకో చోట "సిస్టమ్‌లో రిజెక్ట్ చూపిస్తోంది" అన్నారు. మూడో చోట వచ్చే నెల రమ్మన్నారు.

ఎనిమిది నెలల తర్వాత తేలింది ఏమిటంటే, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం ముందు ఉంది, పాలసీలో వెనక ఉంది. "రెండు పేర్లూ ఒకే మనిషివని ఒక కాగితం తెండి" అని రాసి ఉంటే మర్నాడే తెచ్చేది. ఆ ఎనిమిది నెలలూ అప్పు మీద వడ్డీ నడిచింది. తల్లి పోయిన పిల్ల ఆ వాయిదాలు కట్టడానికి సెలవుల్లో మిరపకాయల కోతకు వెళ్లింది. అర్థం కాని ఒక్క వాక్యం ఖరీదు అది.

ఎందుకిలా మాట్లాడతారు?

ఆఫీసుల్లో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లని మేము అనడం లేదు. చాలామంది మన ఇళ్లలో పిల్లల్లాంటి వాళ్లే. వాళ్లకు పైనుంచి ఆ మాటల్లోనే వస్తుంది. ఫోనులో ఆ మాటల్లోనే ఎక్కించాలి, టార్గెట్టు ఆ మాటల్లోనే చెప్పాలి. విప్పి చెప్పడానికి వాళ్లకు టైము ఇవ్వరు. కొందరికైతే అర్థం వాళ్లకే తెలియదు. అడిగితే తెలియదని చెప్పడం నామోషీ, కాబట్టి ఇంకో పెద్ద మాటతో కప్పేస్తారు.

మాట అర్థం కానంత కాలం దాని వెనకున్న పనికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. "ప్రాసెస్‌లో ఉంది" అంటే ఎవరి బల్ల మీద ఉంది? "పరిశీలనలో ఉంది" అంటే ఎవరు పరిశీలిస్తున్నారు, ఎన్నాళ్లు? అలాంటి మాటలో మనిషి ఉండడు, తారీఖు ఉండదు. అందుకే ఆ మాట ఆఫీసుకు సుఖంగా ఉంటుంది, మనకు కష్టంగా ఉంటుంది.

కరణం కాలంలో మనకు చదువు రాదని అన్నారు. ఇప్పుడు మన పిల్లలు ఇంజినీరింగు చదువుతున్నారు. అయినా కాగితం అర్థం కావడం లేదంటే తప్పు మన చదువులో లేదు, కాగితంలో ఉంది.

అడగడానికి మనకున్న ఆధారాలు

మన మండల సమాఖ్య 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైంది. దాన్నే మ్యాక్స్ చట్టం అంటాం. ఆ చట్టం ప్రకారం సమాఖ్యకు యజమానులు సభ్యులే. ఆడిట్ రిపోర్టు, లెక్కలు మహాజన సభ ముందు పెట్టాలి. ముందు పెట్టడం అంటే పేజీ తిప్పి చూపించడం కాదు, చదివి విప్పి చెప్పడం. "ఈ అంకె ఏమిటి?" అని ఏ సభ్యురాలైనా అడగొచ్చు.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆఫీసులో ఉన్న సమాచారం కోసం తెలుగులోనే దరఖాస్తు రాయొచ్చు. రాయడం రాకపోతే నోటితో చెబితే, అది రాయడానికి సమాచార అధికారి సాయం చేయాలని చట్టంలోనే ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు కింద ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

2022లో రిజర్వు బ్యాంకు మైక్రో ఫైనాన్స్ అప్పులకు కొత్త నియమాలు పెట్టింది. ఏడాదికి 3 లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులు ఇవి. అప్పు ఇచ్చేవాళ్లు లోను కార్డు ఇవ్వాలి, అందులో రాసేదంతా అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. కాబట్టి "తెలుగు కార్డు ఇవ్వండి" అని అడగడం బతిమాలడం కాదు. అది వాళ్లు పాటించాల్సిన నియమం.

మనం చేసుకోవాల్సింది

మా గ్రామ సమాఖ్యలో ఈ ఏడాది నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. సంతకాల కాగితం ఏది వచ్చినా ముందు మూడు ప్రశ్నలు అడుగుతాం. ఇందులో మనం ఇచ్చేది ఎంత? మనకు వచ్చేది ఎంత, ఎప్పుడు? కట్టలేకపోతే ఏం చేస్తారు? ఈ మూడింటికీ తెచ్చినవాళ్లు మన మాటల్లో జవాబు చెప్పాలి. ఆ జవాబు తీర్మానం పుస్తకంలో రాస్తాం. ఆ తర్వాతే సంతకం. ఖాళీలున్న ఫారం అయితే ఖాళీలు నింపాకే సంతకం.

మొదట్లో ఒకాయన విసుక్కున్నారు, "మీకు చెబుతూ కూర్చుంటే నాకు పొద్దు పోతుంది" అన్నారు. ఇంటర్-సే అగ్రిమెంటు అనే కాగితం గురించి అడిగాం. ఆయన రెండు నిమిషాలు ఆలోచించి, "సంఘం తరఫున బ్యాంకులో వ్యవహారం నడపడానికి మీరంతా మీ లీడర్లకు అధికారం ఇస్తున్నట్టు, అప్పుకు అందరూ బాధ్యులని ఒప్పుకున్నట్టు మీలో మీరు రాసుకునే ఒప్పందం" అని చెప్పారు. ఎంత బాగా చెప్పారో చూడండి. వాళ్లకు చెప్పడం వచ్చు. అడిగేవాళ్లు కావాలి. ఆ రోజు ఇద్దరు సభ్యులు "అప్పు అందరిదీ అయితే పాస్‌బుక్కు ప్రతి మీటింగుకూ తేవాలి" అని పట్టుబట్టి తీర్మానం రాయించారు. ఇప్పుడు పాస్‌బుక్కు ప్రతి మీటింగుకూ వస్తోంది.

మన లీడర్లకు, అకౌంటెంట్లకు కూడా ఒక విన్నపం. పెద్ద మాట మాట్లాడితే పెద్దరికం వచ్చినట్టు ఉంటుంది. సభ్యురాలికి అర్థమైతేనే ఆ పెద్దరికం నిలబడుతుంది. సీఐఎఫ్ అనకుండా "సమాఖ్య నుంచి సంఘాలకు తిరిగే పెట్టుబడి డబ్బు" అందాం. ఓవర్‌డ్యూ అనకుండా "గడువు దాటిన బాకీ" అందాం. ఎంసీపీ అనకుండా "ఎవరికి ఎంత, ఎందుకు కావాలో రాసుకునే పట్టిక" అందాం. ఫోనులో ఎక్కించేటప్పుడు వాళ్ల మాట ఎక్కిద్దాం, మీటింగులో మాత్రం మన మాట పలుకుదాం.

ప్రతి సంఘం తీర్మానం పుస్తకం చివరి పేజీ ఖాళీగా ఉంచండి. ఏ కాగితంలో ఏ మాట అర్థం కాలేదో అక్కడ రాయండి. అర్థం తెలిశాక దాని పక్కన మీ మాటల్లో రాయండి. మార్చిలోపు ఆ పేజీలు మండల సమాఖ్యకు పంపితే, వచ్చే ఏడాది ఈ నివేదికలో లెక్కల పట్టికల కంటే ముందు ఆ మాటల పట్టిక అచ్చు వేయిస్తాం.

మీ గ్రామ సమాఖ్య లీడర్లు